పాయఖానాలో మబ్బులు

కలలు కనేవాళ్ళు ఆదోనిలో చాలామందే ఉన్నారు. మంచం మీద కనేవాళ్ళు, అరుగు మీద కనేవాళ్ళు, అంగట్లో త్రాసు ముందు కూర్చుని గిరాకీ లేని వేళ కనేవాళ్ళు. కానీ పట్టపగలు, చెంబు పక్కన పెట్టుకుని, తలుపుకు గడియ వేసుకుని కలలు కనేవాడు తిక్కయ్య ఒక్కడే.

అందులో అతని తప్పు కొంచెమే. ఎక్కువ తప్పు ఆ గదిది.

పెరట్లో ఒక మూలగా ఉంటుందా గది. నాపరాతి గోడలు, లోపల సున్నం. నేల మీద తెల్లటి పింగాణి, దాని అడుగున వంపు తిరిగిన గొట్టం, ఆ వంపులో ఎప్పుడూ కదలకుండా నిలిచి ఉండే కొద్దిపాటి నీళ్ళు. పైన గోడకు చేటంత కిటికీ. ఆ కిటికీలోంచి చేటంత ఆకాశం. వీధిలో ఎండ మండిపోతున్నా, ఆ చేటలోని ఆకాశం మాత్రం అప్పుడే ఉతికి ఆరేసినట్టుండేది. గోడవతల నబీ సాబ్ పరుపుల కోసం విల్లుతో దూది ఏకుతుంటే, ఆ వింటి నారి టంగు టంగుమని మోగుతూ ఉండేది. అంత హాయిలో కూర్చుని కూడా కల కనలేకపోతే, వాడి కళ్ళలోనే ఏదో లోపమన్నమాట.

అందరూ చెంబు పట్టుకుని ముళ్ళకంపల చాటుకు నడిచే ఆ వీధిలో, పెరట్లోనే పాయఖానా ఉండడం అప్పట్లో పెద్ద వింత. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. మిల్లువాళ్ళ బంగళాలో పింగాణి మారుస్తున్నారని విని, పాతదాన్ని అడిగి పుచ్చుకుని, జట్కాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు తిక్కయ్య. దారిలో ఇద్దరు ముగ్గురు అది పెళ్ళి సారె అనుకుని ఎవరి పెళ్ళని అడిగారట.

"వంట చేసుకునే ఇంట్లో పాయఖానానా?" అని భార్య హులిగమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"కర్నూలికి రాజధాని వచ్చింది. మన పెరట్లోకి ఇది రాగూడదా?"

"రాజధాని వాసన రాదు మామా."

అప్పుడు తిక్కయ్య ఎవరూ కాదనలేని మాట అన్నాడు. "మీయమ్మ కోసమే."

హులిగమ్మ ముక్కు మీది వేలు తీసేసింది. ఎమ్మిగనూరులో ఉన్న వాళ్ళమ్మ మద్దమ్మకు, జీవితమంతా మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నందుకు మోకాళ్ళు పట్టేశాయి. కూతురింట్లో నాలుగు దినాలుండాలని ఆమెకు ఎంతో ఆశ. "పొద్దున్నే అంత దూరం బయటికి యట్ల నడిచేది తల్లీ?" అంటూ ఏళ్ళు గడిపేసింది. అందుకే మేస్త్రీ ఇస్సాకు పింగాణికి రెండు పక్కలా ఎత్తుగా బండలు కట్టి, పట్టుకుని లేవడానికి గోడకు కొయ్య కూడా బిగించాడు. అన్నీ కుదిరాయి. తొలకరి మబ్బులు పట్టిన ఆ రోజుల్లో, మధ్యాహ్నం బస్సుకు మద్దమ్మ వస్తున్నట్టు కబురు కూడా వచ్చింది.

ఇక్కడ దూది సంగతి చెప్పాలి.

తిక్కయ్యది పత్తి మిల్లులో పని. రైతులు తెచ్చిన గోనె బోరాల్లోంచి చిటికెడు దూది లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా విడదీసి, పోగు ఎంత పొడుగో, ఎంత బలమో, ఏ రేగడిలో పండిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కొందరికి నశ్యం పడితే గాని బుర్ర పనిచేయదు, కొందరికి బీడీ. తిక్కయ్యకు వేళ్ళ మధ్య దూది ఉండాలి. దూది సాగుతుంటే అతని ఆలోచన కూడా సాగేది.

కానీ ఒకనాడు పెరుగన్నంలో దూదిపోగు వచ్చింది. మర్నాడు పప్పులో వచ్చింది. హులిగమ్మ గరిటె కింద పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది. "నూలైతే ఇంట్లోకి రానీ మామా. దూది మాత్రం గడప దాటగూడదు. దాటిందంటే నీకు ముద్ద మిల్లులోనే."

ఆనాటి నుంచి సాయంత్రం గడప దగ్గరే చొక్కా దులిపించేది, చెవి సందులు చూసేది. ఆమె చూడని చోటు ఒక్కటే, బొడ్డు దగ్గరి పంచె మడత. అతను లోపల ఉన్నప్పుడు ఆమె రాలేని చోటు ఒక్కటే, గడియ ఉన్న ఆ గది.

అక్కడ కూర్చుని తిక్కయ్య బొడ్లోని దూది తీసి సాగదీస్తూ, కిటికీలో పోయే మబ్బులకు రకం కట్టేవాడు. ఇది నిడుపు పోగు. అది తడిసిన సరుకు. అదిగో, ఆ చివరది బొంబాయికి పంపదగ్గది. గూడ్సు రైలు నిండా మబ్బులు నింపి, తలకు తెల్ల రుమాలు చుట్టుకుని, తానే పచ్చజెండా ఊపేవాడు. రైలు కదిలిపోయేది. కల అయిపోయేది. చేతిలోని దూదిని పింగాణిలో వదిలి చెంబెడు నీళ్ళు పోస్తే, అది మెల్లగా ఒక చుట్టు తిరిగి వంపులోకి జారిపోయేది. ఎక్కడికి పోతోందో అతను ఆలోచించలేదు. మబ్బులెక్కడికి పోతాయో ఎవరాలోచిస్తారు?

సరిగ్గా మద్దమ్మ వచ్చే రోజు ఉదయమే, తిక్కయ్య చెంబు వంచాడు. నీళ్ళు కిందికి పోలేదు. పైకి వచ్చాయి.

ఇంకో చెంబు పోశాడు. ఇంకా పైకి వచ్చాయి, దగ్గరి బంధువులు పలకరించడానికి వచ్చినట్టు.

"ఏం మామా, ఇంగా లోపలే ఉండావు?" బయటి నుంచి హులిగమ్మ.

"వస్తాండా, వస్తాండా."

"వచ్చేది నువ్వా, నీళ్ళా? తలుపు కిందనుంచి తడి వస్తాంది."

తిక్కయ్య బయటికి వచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "ఏంలేదు. రవంత మొండికేసింది."

"ఏది?"

"పింగాణి."

"పింగాణి యాడన్నా మొండికేస్తాదా మామా? అది మనుషుల పని. ఇస్సాకును పిలుస్తా."

"వద్దు, వద్దు! ఇస్సాకు వచ్చినాడంటే వెనకాల వీధంతా వస్తాది. ఇంత సిన్న పనికి మేస్త్రీ ఏంటికి? మిల్లులో ఇంజను ఆగిపోతే ఏం సేస్తాననుకున్యావు? నేనే..."

"నువ్వే?"

"నేనే పరిగెత్తి మెకానిక్కును పిలుస్తా."

హులిగమ్మ అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. చూపు అతని బొడ్డు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరువాత మబ్బుల వైపు చూసింది. "సరే. అమ్మ బస్సు దిగేలోపల నీళ్ళు దిగల్ల. లేకపోతే అమ్మ అదే బస్సెక్కి ఎనక్కి పోతాది. ఇంగ జన్మలో రాదు. అదొక్కటి గ్యాపకం పెట్టుకో."

అని వంటచెరుకు గుట్ట దగ్గరికి పోయి ఏదో వెతికింది, నీళ్ళతొట్టి దగ్గర ఏదో చేసింది, కొంగు సర్దుకుని బస్టాండుకు బయలుదేరింది. ఆమె తొట్టి దగ్గర ఏం చేసిందో తిక్కయ్య పట్టించుకోలేదు. అప్పటికే అతను ఒక ఉపాయంలో ఉన్నాడు.

మొదటి ఉపాయం వేడినీళ్ళు. కాగులో మరుగుతున్న నీళ్ళలో, బట్టలుడకేసే సోడా పిడికెడు వేసి తెచ్చి పింగాణిలో కుమ్మరించాడు. చిన్న గదినిండా ఆవిరి కమ్ముకుంది. తెల్లటి ఆవిరి, తెల్లటి గోడలు. తానెక్కడున్నాడో తిక్కయ్య మరిచిపోయాడు. మబ్బుల మధ్యకి వచ్చేసినట్టే ఉంది. ఇదేం రకమో చూద్దామని వేళ్ళు కూడా చాచాడు. అంతలో పాదాలు చురుక్కుమన్నాయి. వేడినీళ్ళు పింగాణి అంచు దాటి అతన్ని వెతుక్కుంటూ వచ్చాయి.

అతను వేసిన కేకకు గోడవతల వింటి మోత ఆగింది. నబీ సాబ్ తల పైకి వచ్చింది. గడ్డంలో, కనుబొమ్మల్లో, టోపీ మీద అంతా దూది పోగులే.

"క్యా హువా తిక్కయ్య భాయ్? ఎవర్నన్నా కోస్తాండావా?"

"పాయఖానా మొండికేసింది నబీ అన్నా. నీళ్ళు దిగవు."

"అరె, బుజ్జగిస్తే యాడ దిగుతాదప్పా? దబాయించల్ల. ఎత్తు మీదనుంచి బకెట్టు నీళ్ళు ఒక్కసారిగా కొట్టు."

రెండో ఉపాయం అది. తిక్కయ్య పీట మీద ఎక్కి, బకెట్టు తలపైకెత్తి దబాయించాడు. పింగాణి అంతకంటే గట్టిగా దబాయించింది. పోసిన నీళ్ళన్నీ లేచి, గోడ తడిపి, కిటికీ తడిపి, తిక్కయ్యను తడిపి, తీరిగ్గా యథాస్థానంలో కూర్చున్నాయి. ఉగాది తరువాత కైరుప్పలలో పిడకల దెబ్బలాట నుంచి తిరిగొచ్చేవాళ్ళు కూడా అతనికంటే శుభ్రంగా ఉంటారు.

"దిగినాయా?" అన్నాడు నబీ సాబ్.

"దిగినాయన్నా. నా మీదికి."

మూడో ఉపాయం సొంతంగా తట్టింది. వంటింట్లో హులిగమ్మ రోకలి ఉంది. దాని కొనకు గోనెపట్టా చుట్టి, పురికొసతో బిగించి, పింగాణి గొంతులో పెట్టి దంచడం మొదలెట్టాడు. దంచి పైకి లాగగానే గుడగుడమంది. తిక్కయ్య ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ దంచాడు, మళ్ళీ లాగాడు. ఈసారి గోనెపట్టాకు అంటుకుని తెల్లటి పోగొకటి పైకి వచ్చింది.

తిక్కయ్య దాన్ని గుర్తుపట్టాడు. చూడగానే, సొంత బిడ్డను గుర్తుపట్టినట్టు.

రోకలి అలాగే పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. చలికాలం నుంచి అతను కిటికీలోంచి బొంబాయికి పంపిన మబ్బులన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ ఆదోని దాటలేదు. కలలన్నీ ఆ వంపులోనే, ఒకదాని మీద ఒకటి, ఒత్తుకుని కూర్చున్నాయి.

భార్య వచ్చేలోగా వాటిని లోపలికి తోసెయ్యాలి. కానీ అతను మిల్లు మనిషి. దూది కనపడితే అదిమి బేలు కట్టడమే అతనికి తెలిసిన విద్య. బలమంతా పెట్టి అదిమాడు. దూది చెప్పినట్టు విన్నది, మిల్లులో ఎన్నడూ రానంత చక్కటి బేలు తయారైంది. ఆ తరువాత గుడగుడ కూడా ఆగిపోయింది. నీళ్ళు కదలడం మానేసి అద్దంలా నిలిచాయి. ఆ అద్దంలో చేటంత ఆకాశం, మధ్యలో తిక్కయ్య మొహం.

అప్పుడే వాకిట్లో జట్కా ఆగింది.

మద్దమ్మ కూతురి భుజం పట్టుకుని మెల్లగా పెరట్లోకి వచ్చింది. చంకలో మూట, మొహంలో ప్రయాణపు బడలిక. రోకలిని ఎదకు హత్తుకుని, నీళ్ళోడుతూ నిలబడిన అల్లుణ్ణి చూసి ఆగింది.

"బాగుండావా అల్లుడా? ఏంటికప్పా ఇట్ల తడిసినావు?"

"నువ్వొస్తాండావని... కడుగుతాండా అత్తా."

"నా బంగారు! మా ఊర్లో ఏ అల్లుడు సేస్తాడు ఇట్ల?"

హులిగమ్మ రోకలి వైపు చూసింది. "అది నాదేనా మామా?"

"పొద్దున్నిదాకా నీదే."

మద్దమ్మ కూతురి చెవిలో ఏదో చెప్పింది. బస్సు కుదుపులు, ముసలి ప్రాణం, ఇంక ఆగేట్టు లేదు. తిక్కయ్యకు వినపడలేదు గాని అర్థమైంది. ఆమె కళ్ళు ఆశగా ఆ చిన్న తలుపు వైపే చూస్తున్నాయి. ఆ తలుపు కోసమే బిడ్డ ఇంటికి ఆమె ఇన్నేళ్ళు ఆగింది. తిక్కయ్యకు కాళ్ళ కింద ఎక్కడైనా వంపు ఉంటే అందులోకి జారిపోవాలనిపించింది.

"రవంత కూర్చోమ్మా," అని హులిగమ్మ తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళతొట్టి దగ్గరికి పోయింది. అందులో పొడుగాటి పత్తికట్టె ఒకటి నానుతోంది. సన్నటిది, కొమ్మలు విరిచిన చోటల్లా చిన్న చిన్న కొక్కేలున్నది. పొద్దున్నే వేసిపోయింది గనక ఇప్పుడు వంచితే వంగుతోంది.

తిక్కయ్య ఆ కట్టెను చూశాడు. తొట్టిని చూశాడు. భార్య బస్టాండుకు పోకముందే అది అందులో పడిందని లెక్క తేలేసరికి, తడిబట్టల్లో కూడా చెమట పట్టింది.

ఆమె దంచలేదు, దబాయించలేదు. కట్టెను వంపులోకి మెల్లగా పోనిచ్చి, రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పింది. కదురు తిప్పినట్టు, ఒకే వైపు, తొందర లేకుండా తిప్పింది. తరువాత లాగింది. కట్టె చుట్టూ దూది చుట్టుకుని తెల్లగా, నిండుగా పైకి వచ్చింది. ఎండిపోయిన పత్తికట్టెకు మళ్ళీ కాయ పగిలినట్టుంది. తిక్కయ్య ఆ అందానికి ఒక్క క్షణం తన కష్టం కూడా మరిచిపోయాడు.

పింగాణి గొంతు సవరించుకుని నీళ్ళన్నీ గుటుక్కున మింగింది. హులిగమ్మ ఇంకో బకెట్టు పోసింది. అది కూడా పోయింది.

"రా అమ్మా."

మద్దమ్మ లోపలికి పోయింది. గడియ పడింది.

పెరట్లో ఇద్దరే మిగిలారు. హులిగమ్మ కట్టెను సందు కాలవ దగ్గర పట్టుకుని నీళ్ళు పోసి పోసి కడిగింది. సోడాలో ఉడికిన దూది మల్లెపూవులా తెల్లబడి ఉంది.

"ఇదేంది మామా?"

"దూది మాదిరుంది."

"మాదిరుందా?"

తిక్కయ్య గోడ వైపు చూశాడు. "నబీ సాబ్ దూది ఏకుతాడు గదా. గాలికి ఎగిరి, కిటికీలోనుంచి పడింటాది."

వింటి మోత మళ్ళీ ఆగింది. తల పైకి వచ్చింది. "అల్లా! నా దూదా?"

"నువ్వుండు నబీ అన్నా," అంది హులిగమ్మ, ఎంతో నిదానంగా. "మామ సెప్పింది నిజమే. ఇది పరుపుల్లో రాలిన చెత్తే. సూడు, ఎంత మట్టమైన దూదో. పోగు పొట్టి. ఇట్లాంటిది మిల్లుకు తెస్తే మామ వాకిట్లోనుంచే తిప్పి పంపుతాడు."

పొట్టి అన్న మాట తిక్కయ్యకు ముల్లులా గుచ్చుకుంది. ఓర్చుకున్నాడు.

"వత్తికి గూడా పనికిరాదు."

ఓర్చుకున్నాడు. దవడ మాత్రం కదిలింది.

"తొలకరికి ఏసి వానకు తడిసిన ముంగారి పత్తి ఇది. నేను మగ్గం కింద పుట్టినదాన్ని, నాకు తెల్దా?"

"ముంగారా!" తిక్కయ్య ఒక్క అంగలో వచ్చి కట్టె మీది దూది చిటికెడు లాగాడు. బొటనవేళ్ళు వాటంతటవే కలిశాయి. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. "ఏం మాటలు మాట్లాడుతాండావు? వానలు తగ్గినాక పండే హింగారి ఇది! సూడు, లాగితే యట్ల సాగుతాందో. తెగుతాందా? ఆస్పరి దిక్కు నల్లరేగడిలో తప్ప యాడా ఇట్లాంటి పోగు రాదు. చలికాలంలో మా మిల్లుకు వచ్చిన సరుకంతట్లో దీన్ని మించింది లేదు. మంచి బోరం ఏరి, నేనే గదా దీన్ని తీసి బొడ్లో..."

గోడవతల నబీ సాబ్ వింటి నారిని ఒక్కసారి మీటాడు. టంగుమంది.

"బొడ్లో?" అంది హులిగమ్మ.

తిక్కయ్య కళ్ళు తెరిచాడు. తెరవకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"నీకు... ఎప్పట్నుంచి తెల్సు?"

"చలికాలం నుంచే తెల్సు. లోపలికి పోయేటప్పుడు బొడ్డు ఉబ్బింటాది, బయటికి వచ్చేటప్పుడు పల్చగుంటాది. ఎవరికైనా తెలుస్తాది."

"మరి ఏంటికి సెప్పలే?"

"ఎప్పుడు నిండుతాదో సూద్దామని."

"నిండింది గదా. అన్నం మిల్లులోనేనా?"

హులిగమ్మ ఆలోచించింది. మూసి ఉన్న తలుపు వైపు చూసింది. అమ్మ లోపల ఉంది, ఇంట్లో ఉంది. ఆ గది లేకపోతే వచ్చేది కాదు. "అన్నం ఇంట్లోనే తిను. దూది గూడా తెచ్చుకో. కానీ అరుగు మీద కూర్చొని, నా కండ్ల ముందర వత్తులు సెయ్యల్ల. మనింటికి, ఎమ్మిగనూరికి, అడిగినోళ్ళందరికీ."

"నాగ్గూడా రవంత పంపు చెల్లెమ్మా, హింగారి అంటాండాడు," అన్నాడు నబీ సాబ్ గోడ మీదనుంచి. "దొంగతనం మోపినందుకు జుల్మానా."

తిక్కయ్య తల ఊపాడు. మనసులో మాత్రం, పోతే పోయింది దూది, గది మిగిలింది, గడియ మిగిలింది, చేటంత ఆకాశం మిగిలింది అనుకున్నాడు. తడి పంచె మార్చుకున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఎదురు చూశాడు. హులిగమ్మ వంట మొదలెట్టింది, సంగటి ఉడికింది, దించింది. తలుపు తెరుచుకోలేదు.

"అత్తా," అన్నాడు చివరికి చెంబు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "అయిందా?"

లోపలి నుంచి జవాబు నిద్రలోంచి వచ్చినట్టు మెల్లగా వచ్చింది.

"ఉండప్పా అల్లుడా. ఈ కిటికీలో మబ్బులు పోతాండాయి, ఏకిన దూది ఏకినట్ల. ఒకటి పోతే ఇంగొకటి వస్తాంది. ఎంత సల్లగుందప్పా ఈడ! మగ్గం గుంతలో కూర్చొని ఇన్నేండ్లు నేల సూసినా, ఆకాశం సూసిందే లేదు." తరువాత గొంతు పెంచి కూతుర్ని పిలిచింది. "ఓ హులిగీ! వానలు ఎనకబట్టేదాకా నేను ఈడే ఉంటాలే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నంత సేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

తిక్కయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పక్కన చెంబు పెట్టుకున్నాడు. భార్య ఆరబెట్టి తెచ్చి ఒళ్ళో వేసిన దూదిలోంచి చిటికెడు తీసి, తొడ మీద దొర్లించి, పాయఖానాలో పెట్టే బుడ్డికని మొదటి వత్తి చేశాడు. తల మీద ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఎక్కడా అడ్డం లేకుండా ఆకాశం, ఆకాశమంతా మబ్బులు. తిక్కయ్య మాత్రం మెడ చాచి, పెరటి మూలనున్న ఆ చేటంత కిటికీ వైపే చూస్తూ ఉండిపోయాడు.